సైనికాధికారులకు తుర్కీ భాషా బోధన: బీదర్ నేపథ్యం

తుర్కీ పటాలాల వెంట తిరిగి పెరిగిన భాష. మధ్య ఆసియా గడ్డిమైదానాల నుంచి బాగ్దాదుకు, కైరోకు, ఢిల్లీకి, అక్కడి నుంచి దక్కనుకు దాన్ని మోసుకొచ్చినవారు ఎక్కువగా రౌతులు, విలుకాండ్రు, డబ్బిచ్చి కొన్న బానిస సైనికులు. అందువల్ల ఆ భాషను పరాయివాళ్ళకు నేర్పవలసిన అవసరం కూడా మొదట సైన్యం మూలంగానే వచ్చింది. ఇప్పటి కర్ణాటక ఉత్తరపు కొసన, హైదరాబాదుకు 140 కిలోమీటర్ల దూరంలో ఉన్న బీదర్ ఈ కథలో పెద్ద మజిలీ. 15వ శతాబ్దంలో బహమనీ సుల్తానుల రాజధానిగా ఉన్న ఆ ఊళ్ళో తుర్కీ ఇంటిభాషగా గల సేనానులు కొలువు చేశారు. వారిలోంచి రాజ్యాలు స్థాపించినవారు కూడా వచ్చారు. అదే ఊళ్ళో దక్కనులోకెల్లా పేరుమోసిన మదరసా కూడా ఉండేది. తుర్కీ మాత్రం ఆ మదరసాలో కాక గుర్రపుసాలల్లో, దండు విడిదుల్లో బతికింది. తరవాతి ఆరు వందల ఏళ్ళలోనూ ఈ భాషకు దాదాపు ఇదే తీరు కనిపిస్తుంది. యుద్ధం అవసరం పడితే అధికారి తుర్కీ నేర్చుకున్నాడు, అవసరం తీరితే వదిలేశాడు.

బోధన ఎలా మొదలైంది

సెల్జూక్ తుర్కులు 1055లో బాగ్దాదులో ప్రవేశించి ఖలీఫాకు రక్షకులమన్నారు. రక్షణతో పాటు పెత్తనం కూడా వాళ్ళ చేతికే పోయింది. ఆ తరవాత ఇరవై ఏళ్ళు తిరగకుండా, 1070లలో, మహమూద్ కాష్గరీ అనే పండితుడు ‘దీవాన్ లుగాత్ అల్-తుర్క్’ రాశాడు. తుర్కీ మాటలకు అరబ్బీలో అర్థాలు, ప్రయోగాలు, సామెతలు చెప్పే పెద్ద గ్రంథం అది. పీఠికలో అతని వాదన మొహమాటం లేనిది: అధికారం తుర్కుల చేతిలో ఉంది, వారి దగ్గర పని కావాలంటే వారి భాష నేర్చుకోవాలి. పరాయి సైన్యాధికారుల కింద బతికేవాడికి ఇంతకంటే సూటి సలహా ఎవరూ ఇవ్వలేరు.

ఈజిప్టులో పద్ధతి వేరు. అక్కడి మమ్లూకులు నల్లసముద్రం ఉత్తర తీరం నుంచి కిప్‌చాక్ తుర్కు కుర్రాళ్ళను కొని, కైరో కోటలోని బారకాసుల్లో పెంచి, మతవిద్య, గుర్రపుస్వారీ, విలువిద్య నేర్పి సైన్యంలో చేర్చేవారు. ఏ జాతివాడైనా సరే, తుర్కీ పేరూ తుర్కీ మాటా ఉంటేనే ఆ సైనికవర్గంలో ఒకడు. కింద ఉన్న అరబ్బీ గుమాస్తాలకు దొరల మాట అర్థం కావాలి కదా. గ్రనాడా నుంచి వచ్చి కైరోలో స్థిరపడిన వ్యాకర్త అబూ హయ్యాన్ 1312లో ‘కితాబ్ అల్-ఇద్రాక్ లి-లిసాన్ అల్-అత్రాక్’ పూర్తిచేశాడు. అరబ్బీ వ్యాకరణ చట్రంలో తుర్కీని బిగించి చెప్పిన పుస్తకం అది. అతుకులు అక్కడక్కడా కనిపిస్తాయి. అయినా పాఠ్యపుస్తకమంటూ దీనితోనే మొదలైందనాలి.

ఢిల్లీలో 13వ శతాబ్దపు సుల్తానుల్లో ముఖ్యులు తుర్కు బానిస సేనానులే. అయితే కచేరీ భాషగా పర్షియన్ స్థిరపడటంతో తుర్కీ రాతకు అక్కడ వేరు పట్టలేదు. 15వ శతాబ్దంలో హిందూస్థానంలో తయారైన ‘జఫాన్-ఎ-గూయా’ అనే పర్షియన్ నిఘంటువులో మాత్రం తుర్కీ మాటలకు విడిగా ఒక భాగం కేటాయించారు. పర్షియన్ చదువుకున్నవాడికి దండులో వినపడే మాటలు కూడా తెలియాలన్న అవసరం అందులో కనిపిస్తుంది.

బహమనీల బీదర్: మాట ఒకటి, రాత ఒకటి

1347లో మహమ్మద్ బిన్ తుగ్లక్ మీద తిరగబడి బహమనీ రాజ్యాన్ని నిలబెట్టినవారు అమీరాన్-ఎ-సదా, అంటే నూటికి అధిపతులనే హోదా గల అధికారులు. వాళ్ళ రాజధాని మొదట గుల్బర్గా. అక్కడ ఏలిన ఫిరోజ్ షాకు, అతని 1397–1422 పాలనలో, భాషల పిచ్చి ఉండేదని చరిత్రకారుడు ఫెరిష్తా రాశాడు. అంతఃపురంలో నానాదేశాల స్త్రీలను చేర్చి, ఎవరితో మాట్లాడినా వారి భాషలోనే మాట్లాడేవాడట. ఫిరోజ్ తమ్ముడు అహ్మద్ షా 1420ల చివర రాజధానిని బీదర్‌కు మార్చి, దానికి మహమ్మదాబాద్ అని పేరు పెట్టాడు.

అహ్మద్ షాతోనే బయటి సైనికుల రాక జోరందుకుంది. ఇరాక్, ఖురాసాన్, మధ్య ఆసియా, అరబ్బు దేశాల నుంచి వచ్చిన విలుకాండ్రు 3,000 మందితో ప్రత్యేక దళం ఏర్పాటు చేశాడని ఫెరిష్తా చెబుతాడు. ఇలా సముద్రం దాటి వచ్చినవారిని గరీబులు అన్నారు, ఆఫాకీలు అని కూడా అన్నారు. అంతకు ముందే ఉత్తరాది నుంచి దిగి ఇక్కడే స్థిరపడినవారు దక్కనీలు. ఈ రెండు వర్గాల పోరు బహమనీ చరిత్రలో సగం. 1440లలో పూణె దగ్గరి చాకన్ కోట వద్ద గరీబులను నమ్మించి విందుకు పిలిచి నరికేశారు. 1482 తరవాత బీదర్ వీధుల్లోనే తుర్కు సైనికుల మీద కత్తులు లేచాయి.

గరీబులంతా తుర్కులు కారు. వాళ్ళలో ఇరానీలు, అరబ్బులు, జార్జియా, సిర్కాసియా వాళ్ళు కూడా ఉన్నారు. ఈ కలగాపులగంలో అందరికీ ఉమ్మడిగా పనికొచ్చింది పర్షియన్. కాగితం మీద హుకుం పర్షియన్‌లో, బజారులో బేరం దక్కనీ భాషలో, ఊళ్ళలో పన్ను వసూలు తెలుగు, కన్నడం, మరాఠీల్లో జరిగేవి. తుర్కీకి మిగిలింది తోటి తుర్కులతో కబుర్లు, దండులో కేకలు, ఇంట్లో తల్లితో మాట. ఇలాంటి భాషను ఎవరూ డబ్బిచ్చి నేర్చుకోరు. పుట్టి నేర్చుకుంటారు, లేదా కలిసి కాపురం చేస్తూ పట్టుకుంటారు. బీదర్ కోటలోని తర్కష్ మహల్‌ను సుల్తాను తుర్కీ భార్య కోసం కట్టించారని స్థానికంగా చెప్పుకుంటారు. అది నిజమే అయితే ఊళ్ళో తుర్కీ బాగా వినిపించిన చోట్లలో అదొకటి అయి ఉండాలి.

ఈ రాజ్యంలో అందరికంటే చదువుకున్న మంత్రి మహమూద్ గవాన్. కాస్పియన్ తీరాన గీలాన్‌లో పుట్టి, వర్తకుడిగా 1453లో బీదర్ చేరి, మూడో ముహమ్మద్ షా కాలానికి రాజ్యం మొత్తం తన చేతి మీదుగా నడిపించాడు. 1472లో మూడంతస్తుల మదరసా కట్టించాడు. ముఖభాగం నిండా రంగుల పింగాణీ పలకలు, మూలల్లో మీనార్లు, లోపల 3,000 రాతప్రతుల గ్రంథాలయం. నేర్పినవి ధర్మశాస్త్రం, తర్కం, గణితం, ఖగోళం. భాషలు అరబ్బీ, పర్షియన్. గవాన్ స్వయంగా ఉత్తరాలు రాసే కళ మీద ‘మనాజిరుల్ ఇన్‌షా’ అనే గ్రంథం రాశాడు. ఆయన లేఖల సంపుటి ‘రియాజుల్ ఇన్‌షా’లో ఇస్తాంబుల్‌లోని ఉస్మానీ సుల్తానుకు రాసినవి కూడా ఉన్నాయి. తుర్కీ మాట్లాడే చక్రవర్తికి, తుర్కు సేనానులు కొలువున్న బీదర్ నుంచి వెళ్ళిన ఆ ఉత్తరాలు పర్షియన్‌లో ఉన్నాయి. తుర్కీ స్థానమేమిటో తెలియడానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. 1481లో దక్కనీ ప్రభువుల కుట్రతో సుల్తాను ఆయన తల తీయించాడు. మదరసాను తరవాతి కాలంలో సైన్యం విడిదిగా వాడారు. 1690లలో అందులో దాచిన మందుగుండు పేలి ముందుభాగం సగం కూలిపోయింది. ఇప్పుడు ఒక మీనారు, కొన్ని పలకలు మిగిలాయి.

రష్యా వర్తకుడి తుర్కీ

గవాన్ కాలపు బీదర్‌లో తుర్కీ ఎలా పనికొచ్చిందో చెప్పే మంచి సాక్షి ఒక విదేశీయుడు. త్వేర్ నగరపు వర్తకుడు అఫనాసీ నికితిన్ 1470 ప్రాంతంలో ఒక మగగుర్రాన్ని అమ్ముకుందామని చౌల్ రేవులో దిగాడు. జున్నర్‌లో అసద్ ఖాన్ అనే అధికారి గుర్రాన్ని లాక్కుని, మతం మారితే గుర్రంతో పాటు వెయ్యి బంగారు నాణేలు ఇస్తానన్నాడు. ఖురాసాన్ పెద్దమనిషి ఒకాయన అడ్డుపడి గుర్రాన్ని ఇప్పించాడు. నికితిన్ దాన్ని చివరికి బీదర్‌లో అమ్ముకున్నాడు. సుల్తాను ఇరవై ఏళ్ళ కుర్రవాడని, దేశాన్ని ఏలేది ఖురాసాన్ ప్రభువులని, కింద జనం దరిద్రంలో ఉన్నారని, పండుగ ఊరేగింపులో ఏనుగులకు కవచాలు తొడిగి దంతాలకు కత్తులు కట్టారని రాసుకున్నాడు.

అతని రాతలో భాష సంగతి ఆసక్తికరం. రష్యన్‌లో సాగుతున్న కథనం హఠాత్తుగా తుర్కీ, పర్షియన్, అరబ్బీ కలిసిన మాటల్లోకి దూకుతుంది. బజారు స్త్రీల ధరలు అలా రాశాడు. తన దేశాన్ని దేవుడు కాపాడాలని, అంతటి నేల లోకంలో మరొకటి లేకపోయినా అక్కడి ప్రభువులు న్యాయంగా లేరని చేసిన ప్రార్థన కూడా అలాగే రాశాడు. ఇంటికి చేరాక ఎవరైనా చదివితే చిక్కు కదా! వోల్గా తీరాన తాతారు వర్తకుల దగ్గర పట్టుకున్న ఆ మాట అతన్ని కాస్పియన్ నుంచి బీదర్ దాకా నడిపించింది. బడికి వెళ్ళి నేర్చినది కాదు, వ్యాకరణం అంతంతమాత్రం. కానీ పనిలో ఉన్నవాడికి ఎంత భాష చాలునో నికితిన్ చూపిస్తాడు. ఇవాళ్టి సైనిక భాషాశాలలు మొదట సాధించాలనుకునేది కూడా దాదాపు అంతే.

తుర్కు సేనానులు తామే నేర్చుకున్న భాషలు

బహమనీ రాజ్యం విరిగి అయిదు ముక్కలైనప్పుడు వాటిలో మూడింటికి గరీబు సేనానులే యజమానులయ్యారు. బీదర్‌లో మిగిలిన కాసిం బరీద్ చిన్నప్పుడు బానిసగా అమ్ముడై వచ్చిన తుర్కు. చక్కని దస్తూరీ గలవాడు, సంగీతం తెలిసినవాడు. 1492 నాటికి సుల్తానును కోటలో ఉంచి తానే ఏలాడు. ఒక మరాఠా నాయకుణ్ణి గెలిచి అతని కూతుర్ని తన కొడుక్కు చేసుకున్నాడని, ఆమె వైపు నాలుగు వందల మంది అతని కొలువులో చేరారని ఫెరిష్తా రాశాడు. ఆ దళాన్ని నడపడానికి కాసిం బరీద్‌కు కావలసింది మరాఠీ. దక్కనులో తుర్కు అధికారి ఎదగాలంటే తన భాష పక్కనపెట్టి కింది సిపాయి భాష నేర్వాలి.

తెలుగువాళ్ళకు బాగా తెలిసిన ఉదాహరణ సుల్తాన్ కులీ. పశ్చిమ ఇరాన్‌లో హమదాన్ ప్రాంతపు కరాకొయున్లూ, అంటే నల్లగొర్రె తెగ తుర్కుమాన్ వంశీకుడు. ఆ వంశపు రాజు జహాన్ షా తుర్కీలో కవిత్వం రాసినవాడు. పగవాళ్ళ చేతికి చిక్కకుండా పారిపోయి వచ్చి, బీదర్ కొలువులో చేరి, బహమనీ సుల్తాను మహమూద్ షా ప్రాణం కాపాడి కుతుబ్-ఉల్-ముల్క్ అయి, తెలంగాణకు అధిపతిగా గోలకొండలో దిగాడు. 1543లో ముసలితనంలో హత్యకు గురయ్యేదాకా అక్కడే ఏలాడు. అతని కొడుకు ఇబ్రహీం విజయనగరంలో రామరాయల దగ్గర ఏడేళ్ళు తలదాచుకుని, తిరిగి వచ్చి గద్దెనెక్కాక తెలుగు కవుల పాలిటి మల్కిభరాముడయ్యాడు. అద్దంకి గంగాధర కవి ‘తపతీ సంవరణోపాఖ్యానం’ అంకితమిచ్చింది ఆయనకే. తండ్రి తుర్కీ, కొడుకు తెలుగు: మారడానికి ఒక్క తరమే పట్టింది. మనవడు ముహమ్మద్ కులీ దక్కనీ కవిగా ప్రసిద్ధుడు.

బీజాపూర్‌లో పరిస్థితి కాస్త భిన్నం. ఆ రాజ్యాన్ని స్థాపించిన యూసుఫ్ ఆదిల్ ఖాన్ కొడుకు ఇస్మాయిల్ 1510 నుంచి 1534 వరకు ఏలాడు. మేనత్త పెంపకంలో దక్కనీ గాలి సోకకుండా పెరిగాడు, తుర్కీ, పర్షియన్ మాటలు, సంగీతం, మర్యాదలంటే ఇష్టపడేవాడు. దక్కను రాజుల్లో తుర్కీని పనిగట్టుకుని నిలుపుకున్న ఇల్లు ఇదొక్కటే అనిపిస్తుంది. దాని ఆయువూ ఒక తరమే. ఇస్మాయిల్ కొడుకు ఇబ్రహీం విదేశీ అధికారులను పెద్దఎత్తున తొలగించి, లెక్కల పనిని పర్షియన్ నుంచి స్థానిక భాషలోకి మార్చి, ఆ కచేరీలను బ్రాహ్మణ ఉద్యోగులకు అప్పజెప్పాడు.

ఫిరంగుల దగ్గర మాత్రం తుర్కీకి పని దొరికింది. ఉస్మానీ సామ్రాజ్యం నుంచి వచ్చిన మందుగుండు నిపుణులను దక్కనులో రూమీలు అనేవారు. ముహమ్మద్ బిన్ హుసేన్ రూమీ 1549లో అహ్మద్‌నగర్‌లో పోతపోసిన మలిక్-ఎ-మైదాన్ ఇప్పుడు బీజాపూర్ బురుజు మీద ఉంది. దాని నోరు ఏనుగును నమిలే సింహం ముఖంలా ఉంటుంది. 1565 తళ్ళికోట యుద్ధంలో అహ్మద్‌నగర్ నిజాంషాహీ ఫిరంగులను నడిపింది చలబీ రూమీ ఖాన్. బీదర్ అధిపతి అలీ బరీద్ కూడా ఆ యుద్ధంలో పాల్గొన్నాడు. పోతపని, మందు పాళ్ళు, గురి కట్టడం ఉస్తాదు పక్కన నిలబడి నేర్చుకునే విద్యలు. తెలుగులో స్థిరపడిపోయిన తుపాకి ఆ సరుకుతో పాటు ఒడ్డు దాటి వచ్చిన తుర్కీ మాటే.

ఔరంగజేబు నేర్చుకున్న తుర్కీ

పెద్దయ్యాక, ఉద్యోగం కోసం, యుద్ధరంగంలో తుర్కీ నేర్చుకున్న సేనాని ఎవరని అడిగితే చెప్పవలసిన పేరు ఔరంగజేబు. 1647లో బల్ఖ్ దండయాత్రకు, తరవాత కాందహార్ ముట్టడులకు నాయకత్వం వహించినప్పుడు అతను మధ్య ఆసియా తుర్కీ అయిన చగతాయి పట్టుకున్నాడని చరిత్రకారుడు జదునాథ్ సర్కార్ రాశాడు. మొగలు సైన్యంలో మధ్య ఆసియా నుంచి వచ్చినవాళ్ళు పెద్దసంఖ్యలో ఉండేవారు, వాళ్ళతో నేరుగా మాట్లాడవలసిన అవసరం ఉండేది. బాబరు మాతృభాష మూడు తరాల్లో ఇంట్లో సన్నగిల్లిపోయి, అయిదో తరంవాడికి దండులో మళ్ళీ దొరికిందన్నమాట.

పాదుషా అయ్యాక ఔరంగజేబు తన పాత గురువును నిలదీశాడని ఫ్రెంచి వైద్యుడు బెర్నియర్ ఒక కథ చెబుతాడు. రాజ్యమేలవలసినవాడికి చుట్టుపక్కల జాతుల భాషలు నేర్పకుండా, ఏళ్ళ తరబడి అరబ్బీ వ్యాకరణం వల్లెవేయించావని ఆ తిట్ల సారం. బెర్నియర్ కాస్త రంగులద్ది ఉండవచ్చు. ఫిర్యాదు మాత్రం ఇవాళ్టి ఏ సైనిక విద్యాసంస్థ సమావేశంలో వినిపించినా కొత్తగా ఉండదు.

బీదర్‌కు ఈ తుర్కీ నేర్చిన రాజకుమారుడు 1657లో వచ్చాడు. అప్పటికి కోట బీజాపూర్‌ది. కోటను కాపాడుతున్నవాడు అబిసీనియా మూలాలున్న సిద్దీ మర్జాన్. మొగలు దండు నుంచి వచ్చిన నిప్పు బురుజు వెనుక దాచిన మందుగుండు మీద పడి, సిద్దీ మర్జాన్ కొడుకులతో సహా ఒళ్ళు కాలి కోట అప్పగించాడు. ముట్టడి 27 రోజులు సాగింది. ఊరి పేరు జఫరాబాద్‌గా మారింది. ఔరంగజేబు కాలంలోనే ముహమ్మద్ యాకూబ్ చంగి ‘కెలూర్‌నామా’ అనే తుర్కీ–పర్షియన్ నిఘంటువు కూర్చాడు. దండులో మొదలైన ఆసక్తి పుస్తకానికి ఎక్కింది.

దక్షిణాదిలో తుర్కీకి చివరి పెద్ద గురువు అజ్ఫరీ అనే మొగలు రాకుమారుడు. ఎర్రకోటలో బందీ బతుకు నుంచి 1789లో తప్పించుకుని, దేశమంతా తిరిగి 1797లో మద్రాసు చేరి, ఆర్కాటు నవాబు నీడలో 1818లో చనిపోయేదాకా ఉన్నాడు. చగతాయి తుర్కీ మీద నిఘంటు రచనలు చేశాడు, చగతాయి కవి నవాయీ గ్రంథాన్ని అనువదించాడు, అడిగినవాళ్ళకు భాష నేర్పాడు. అప్పటికి ఆ భాషలో హుకుం ఇచ్చే సైన్యం ఈ దేశంలో మిగల్లేదు.

1855: మద్రాసు, నిజాం దళాల నుంచి నల్లసముద్రానికి

క్రిమియా యుద్ధంలో బ్రిటన్ 20,000 మంది ఉస్మానీ సైనికులను తన జీతం మీద తీసుకుని ‘టర్కిష్ కంటింజెంట్’ ఏర్పాటు చేసింది. దాన్ని నడపడానికి ఈస్టిండియా కంపెనీ అధికారులను ఏరింది. పరాయి భాష మాట్లాడే సిపాయిలను నడిపిన అనుభవం వీళ్ళకుందని లెక్క. సేనాధిపతి వివియన్ మద్రాసు సైన్యం మనిషి. బాషీబజూకులనే అక్రమ రౌతుల (సాధారణ సైన్యంలో చేరని రౌతుల) దళానికి నాయకుడైన బీట్సన్ అంతకు ముందు నిజాం రౌతు దళాలకు అధిపతి. బీదర్ కూడా అప్పట్లో నిజాం ఏలుబడిలోనే ఉంది. బీట్సన్ దళంలో ప్రధాన అధికారిగా చేరినవాడు అరబ్బీ, పర్షియన్, సింధీ వచ్చిన రిచర్డ్ బర్టన్.

హిందూస్తానీ పరీక్ష గట్టెక్కిన ఈ అధికారులకు తుర్కీ రాదు. ఉస్మానీ ప్రభుత్వంలో చాలాకాలం పనిచేసిన జేమ్స్ రెడ్‌హౌస్ వీళ్ళ కోసమే 1855లో జేబులో పట్టే చేతిపుస్తకం వేశాడు. దండులో ఉన్నవాడికి కావలసిన వ్యాకరణం, మాటలు, సంభాషణలు రోమను లిపిలో ఇచ్చాడు. అప్పటి తుర్కీ అరబ్బీ లిపిలో ఉండేది. ఆ లిపి నేర్చుకునే తీరిక దండులో ఎవరికీ ఉండదని రెడ్‌హౌస్ గ్రహించాడు. మంచి ఉపాధ్యాయుడి తెలివి అది. బీట్సన్ దళంలో క్రమశిక్షణ గొడవలు ముదిరి అతన్ని కొద్దినెలల్లోనే తప్పించారు. వివియన్ దళం కెర్చ్ దాకా వెళ్ళి, పెద్దగా యుద్ధం చూడకుండానే 1856లో రద్దయింది. పుస్తకం నిలిచింది. రెడ్‌హౌస్ 1890లో వెలువరించిన తుర్కీ–ఇంగ్లిషు నిఘంటువు పేరు ఇప్పటికీ వాడుకలో ఉంది.

మళ్ళీ తుర్కీ నిజాం ఇంటికి వచ్చింది పెళ్ళి రూపంలో. 1931లో ఫ్రాన్సులోని నీస్ నగరంలో చివరి ఖలీఫా కుమార్తె దుర్రుషెహ్వార్‌ను ఆజం జా, వారి బంధువు నిలోఫర్‌ను మొజ్జం జా పెళ్ళాడారు. ఆజం జా నిజాం సైన్యాలకు సేనాధిపతి కూడా. అయినా భాష నేర్చుకునే భారం కోడళ్ళ మీదే పడింది.

నేటి పద్ధతి

1928 నవంబరు 1న తుర్కియే అరబ్బీ లిపిని వదిలి లాటిన్ అక్షరాలు చేపట్టింది. 1932లో ఏర్పడ్డ భాషాసంస్థ అరబ్బీ, పర్షియన్ మాటలను ఏరివేసే పని పెట్టుకుంది. ఈ రెండు మార్పులతో విదేశీ అధికారికి చదవడం తేలికైంది, పర్షియన్ వచ్చినవాడికి ఉన్న మొగ్గు తగ్గింది. 1952లో ఆ దేశం నాటోలో చేరాక పాశ్చాత్య సైన్యాలకు తుర్కీ వచ్చిన అధికారులు నిత్యావసరమయ్యారు.

అమెరికా దౌత్యశాఖ శిక్షణసంస్థ లెక్కలో ఇంగ్లిషు మాతృభాషగా గలవాడికి తుర్కీలో పనికొచ్చే పట్టు రావడానికి 44 వారాలు, సుమారు 1,100 తరగతి గంటలు పడుతుంది. స్పానిష్‌కు, ఫ్రెంచికి ఇంతకంటే బాగా తక్కువ చాలు. కాలిఫోర్నియాలోని మాంటెరీలో సైనిక భాషాసంస్థ కూడా ఇలాంటి వర్గీకరణనే పాటిస్తుంది. చిన్న తరగతులు, రోజంతా భాష, సాయంత్రం వల్లెవేత, చివర విని, చదివి, మాట్లాడి గట్టెక్కే పరీక్ష: ఇదీ అక్కడి తీరు. మన ఉపఖండంలో ఇస్లామాబాదులోని ఆధునిక భాషల జాతీయ సంస్థ సైనికులకు, ప్రభుత్వోద్యోగులకు భాషలు నేర్పడానికి పుట్టి, 2000లో విశ్వవిద్యాలయమైంది. అందులో తుర్కీ శాఖ ఉంది. భారత రక్షణ శాఖ 1948లో ఢిల్లీలో విదేశీ భాషల పాఠశాల పెట్టింది, పచ్‌మఢీలో సైన్యపు విద్యాదళం కళాశాల అధికారులకు రష్యన్, చైనీ వంటివి నేర్పుతుంది. తుర్కీని డిగ్రీ స్థాయిలో చదవాలనుకునేవారికి ఢిల్లీ జామియా మిలియా ఇస్లామియా ఉంది.

తెలుగువాడికి తుర్కీ

ఆ 1,100 గంటల లెక్క ఇంగ్లిషువాడిది. తెలుగు అధికారి విషయంలో దాన్ని గుడ్డిగా నమ్మనక్కర్లేదు. తుర్కీ వాక్యం కర్త, కర్మ, క్రియ వరసలో నడుస్తుంది. విభక్తులు నామం చివర అతుక్కుంటాయి. ఎవ్ అంటే ఇల్లు, ఎవ్‌లెర్ ఇళ్ళు, ఎవ్‌లెరిమిజ్ మా ఇళ్ళు, ఎవ్‌లెరిమిజ్‌దెన్ మా ఇళ్ళ నుంచి. ఇంగ్లిషువాడు ఈ గొలుసును తలకిందులుగా విప్పుకోవాలి, మనకు అది ఉన్నవరసలోనే అర్థమవుతుంది. అచ్చును బట్టి ప్రత్యయం మారడం కూడా మనకు కొత్తకాదు. ఇంటి నుంచి అనడానికి ఎవ్‌దెన్, గుర్రం మీద నుంచి అనడానికి అత్‌తాన్. పిల్లికి, గురువుకు అని ఆలోచించకుండా మార్చి పలికే నోటికి ఇది పెద్ద కష్టం కాదు.

సైనికుడికి మరీ ముఖ్యమైనది క్రియలోని ఒక భేదం. దుష్మన్ గెల్ది అంటే శత్రువు వచ్చాడు, చెప్పేవాడు చూశాడు. దుష్మన్ గెల్మిష్ అంటే వచ్చాడట, ఎవరో చెప్పగా విన్నాడు. వేగు సమాచారంలో ఈ రెండింటి మధ్య తేడా ఒక దళం ప్రాణాల మీదికి రావచ్చు. ఇంగ్లిషు అధికారికి దీన్ని వారాల తరబడి నూరిపోయాలి. మనకు ‘ట’ ఉంది.

పటాలంలో ముందుగా వినపడే మాటలు కూడా ఉర్దూ గాలి తగిలినవాడికి పరిచయస్తుల్లాగే ఉంటాయి. హజిర్ ఓల్ అంటే సావధాన్, రాహత్ అంటే విశ్రామ్, ఆతెష్ అంటే కాల్చమని. హోదాలు లెక్క ప్రకారం పోతాయి: పదిమందికి తల ఒన్‌బాషి, నూటికి తల యూజ్‌బాషి, వేయికి తల బిన్‌బాషి. ఇప్పటి సైన్యంలో వరసగా కార్పొరల్, కెప్టెన్, మేజర్. బహమనీ రాజ్యాన్ని నిలబెట్టిన నూటి అధిపతులకు ఈ వరస విప్పి చెప్పనక్కర్లేకపోయేది.

కష్టాలూ ఉన్నాయి. పెదాలు గుండ్రంగా చుట్టి నాలుక ముందుకు తోసి పలికే రెండు అచ్చులు, నాలుక వెనక్కి లాగి పలికే మరో అచ్చు తెలుగులో లేవు. వాటిని చెవితో పట్టుకోవలసిందే, పుస్తకంతో రావు. వాక్యంలో వాక్యం ఇమిడ్చి సగం పేజీ సాగే ఆఫీసు తుర్కీ ఎవరినైనా అలసిపోయేలా చేస్తుంది.

బీదర్‌లో ఇప్పటికీ సైనికాధికారులు తయారవుతున్నారు. అక్కడి వాయుసేన స్థావరం యువ పైలట్లకు శిక్షణ కేంద్రం, సూర్యకిరణ్ విమాన విన్యాస బృందం 1996లో పుట్టింది అక్కడే. బోధన అంతా ఇంగ్లిషులో. వాళ్ళలో ఎవరినైనా రేపు అంకారా రాయబార కార్యాలయానికి సైనిక ప్రతినిధిగా పంపవలసి వస్తే, భాషా శిక్షణకు తెలుగు, కన్నడ కుర్రాళ్ళను ముందు వరసలో పరిశీలించడం రక్షణ శాఖకు లాభం. ఖర్చయ్యే గంటలు తగ్గుతాయి.